ఆపి ఉంచిన రికార్డింగు

ముందే చెబుతున్నాను. మధ్యలో నవ్వినవాళ్లకు టీ లేదు. ఆదివారం చర్చిలో పాటలు పాడే నోటితో నేను అబద్ధం చెప్పను. ఇది మా జమ్మలమడుగు ఇంట్లో, నా టీవీ ముందు, నాకే జరిగింది. అర్ధరాత్రి కూడా కాదు... కుక్కర్ పొయ్యి మీద పెట్టుకునే వేళ.

గొడవ కేబుల్ వాడితో మొదలైంది. గాలి వీస్తే బొమ్మ పోతుంది. వాన పడితే బొమ్మ పోతుంది. బడిలో రోజంతా పిల్లలతో అరిచి వచ్చి ఒక్క సీరియల్ చూసుకుందామంటే, సరిగ్గా అప్పుడే బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. అడిగితే వాడి సమాధానం వినాలి మీరు.

"గాలికి నేనేం జేసేది టీచరమ్మా? ఇష్టముంటే సూడు, లేకుంటే మాను."

నాకు ఒళ్లు మండింది. కత్తెర తెచ్చి, వాడు చూస్తుండగానే కిటికీ దగ్గర వైరు కత్తిరించి వాడి చేతిలో పెట్టాను. మా ఆయన తల పట్టుకున్నాడు. వారం తిరక్కుండా మిద్దె మీద డిష్ పెట్టించాను.

డిష్‌లో నాకు నచ్చింది రికార్డింగు. బుధవారం సాయంత్రం మాకు ప్రార్థన కూటం ఉంటుంది. సీరియల్ కూడా అదే వేళకు. ఇప్పుడు ఆ బాధ లేదు. డిష్‌తో ఇచ్చిన డబ్బాకు పెన్‌డ్రైవ్ గుచ్చి టైము పెట్టి పోతే, ఇల్లు తాళం వేసి ఉన్నా అదే రికార్డు చేసుకుంటుంది. కావాలంటే మధ్యలో ఆపి, నీళ్లు తాగి వచ్చి చూసుకోవచ్చు. కేబుల్‌లో ఆ సుఖం ఎక్కడిది?

ఆ బుధవారం కూటం ముగించుకుని వచ్చాను. తాళం తీశాను. ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన ప్రొద్దుటూరులో బట్టల అంగడిలో పనిచేస్తాడు, అంగడి మూసి బండి మీద వస్తాడు. కుక్కర్ పెట్టి, రికార్డయిన సీరియల్ వేసుకుని కూర్చున్నాను.

కాసేపటికి... విజిల్ వచ్చింది.

లేచి వంటింట్లోకి పోయాను. కుక్కర్‌కు ఇంకా ఆవిరే పట్టలేదు. మూత మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. సీరియల్‌లో వంటగది సీను ఏమో అనుకుని వచ్చి కూర్చున్నాను. కూర్చున్న కొంతసేపటికి వంటింట్లో నిజంగా విజిల్ వచ్చింది. అదే విజిల్... మా కుక్కర్‌ది చివర్లో కొంచెం గొంతు జీరపోతుంది. ఆ జీరతో సహా అదే.

అప్పుడు కూడా నేను భయపడలేదు. ఇంతలో పక్కింటి మాబున్నీ గొంతు.

"అక్కా! రోంత కరేపాకు ఉంటే ఈ!"

"వస్తాండా మాబున్నీ!" అంటూ గోడ దగ్గరికి పోయాను. ఎవరూ లేరు. వాళ్లింటి తలుపు వేసి ఉంది. తిరిగి లోపలికి వచ్చి, సోఫాలో ఇలా కూర్చున్నానో లేదో... బయట తలుపు తీసిన చప్పుడు. మాబున్నీ చెప్పులు... టప్ టప్.

"అక్కా! రోంత కరేపాకు ఉంటే ఈ!"

అప్పుడు వెన్నులో చలి పుట్టింది. అబద్ధమెందుకు, పుట్టింది. మొదటి పిలుపు గోడ దగ్గర నుంచి రాలేదు. టీవీలో నుంచి వచ్చింది. సీరియల్ మాటల కింద, సన్నగా, మా ఇంటి చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఇంకా జరగని చప్పుళ్లు. మాబున్నీకి రెండు రెబ్బలు కరివేపాకు ఇచ్చి పంపాను.

వచ్చి టీవీకి దగ్గరగా కూర్చున్నాను. చెవి పెట్టి విన్నాను. తెర మీద అత్త కోడలిని తిడుతోంది. ఆ తిట్ల కింద... ఫోన్ మోగింది. నా ఫోన్ మోతే. బల్ల మీద నా ఫోన్ వైపు చూశాను. నల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

టీవీలో ఎవరో ఫోన్ ఎత్తారు.

"హలో... ఎవురూ?"

నా గొంతు.

"యాడ?... ఎప్పుడు?"

తర్వాత... ఏడుపు. నా ఏడుపు. అట్లాంటి ఏడుపు నేను మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

రిమోట్ తీసి ఆపేశాను.

అత్త నోరు తెరిచినది తెరిచినట్టే నిలిచిపోయింది. ఫ్యాన్ చప్పుడు ఒక్కటే. చూపంతా బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన కూడా గుర్తు రాలేదు.

ఫోన్ మోగింది.

తెలియని నంబరు. ఒక మోత... ఇంకో మోత... కానీ ఏం చెప్పమంటారు, భయం కన్నా ముందు కోపం వచ్చింది నాకు. నా నోరు నాది! నేనేమనాలో ముందే రికార్డు చేసిపెట్టి నాతో అనిపించడానికి అదెవరు? హలో అనను. ఎవరూ అని అడగను. అంత ఏడుపు ఏడ్చేది ఇంకా ఇంటికి రాని మా ఆయన కోసమే అయ్యుండాలి. ఫోన్ ఎత్తాను.

"ఫోన్ మా ఆయనకియ్యప్పా!"

అవతల ఎవరో బిత్తరపోయినట్టున్నాడు. రోడ్డు మీద లారీల చప్పుడు. తర్వాత దూరంగా ఒక కేక... "ఓ అన్నా, ఈడికి రా! మీ ఇంటామె నీకే ఇయ్యమంటాంది!" అడుగుల చప్పుడు. ఆ వెంటనే పెద్దగా, రాసుకుపోయినట్టు... ఏదో ఇనుము చప్పుడు.

నేను గోడకు ఆనుకున్నాను.

"ఏమ్మే..." మా ఆయన గొంతు. రొప్పుతున్నాడు. "బండి పంచరాయ. నా ఫోన్‌లో చార్జింగ్ లేదు. నా చేతులకు మసి ఉందని ఈ టీ అంగడన్న నీకు చేసినాడు. నేను బండికాడ్నించి లేచి ఈడికి వస్తానే లారీ బండిని రాసకపాయ. అద్దం ఒగటే పోయింది. అది సరే... నేనీడ ఉన్నానని నీకెట్ల తెలుసు?"

తొందరగా ఇంటికి రమ్మన్నాను.

తర్వాత అందరినీ అడిగాను. డిష్ పెట్టిన అతను డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. దీనికి మైకే లేదు మేడమ్, ఇంట్లో చప్పుళ్లు ఎట్లా ఎక్కుతాయి అన్నాడు. ఎక్కినా, జరిగాక ఎక్కాలి కదా? పాస్టరమ్మ డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. కేబుల్ వాడికి ఎవరు చెప్పారో, సందు మొదట్లో నిలబడి నవ్వాడు.

"మా కేబుల్‌లో ఇట్లాంటివి రావు టీచరమ్మా. మళ్లీ వైరు గుంజమంటావా?"

"గుంజు, మళ్లీ కత్తిరిస్తా!" అన్నాను.

మా ఆయన అయితే మిగతాది వేసి చూద్దామంటాడు. లేదంటే తుడిచెయ్యమంటాడు. రెండూ చెయ్యను. ఆ పెన్‌డ్రైవ్‌ను బీరువాలో చీరల కింద దాచాను. తుడిస్తే ఆ ఏడుపు పోతుందో, ఇంట్లోకి వస్తుందో నాకు తెలియదు. ఆ రాత్రి లారీతో అది తప్పిపోయిందో, ఇంకా మిగిలే ఉందో అదీ తెలియదు. సీరియల్ మాత్రం కొత్త పెన్‌డ్రైవ్‌లో ఇప్పటికీ రికార్డు చేస్తున్నాను. భయపడి మానేస్తానా?

కానీ ఎవరు ఫోన్ చేసినా నేను హలో అనను. తెలియని నంబరైతే మొదటి మాట "మా ఆయనకియ్యి" అనే. బ్యాంకు వాళ్లయినా సరే. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నా సరే.

ఆ గొంతు నాదే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఏడుపు నేనింకా ఏడవలేదు... ఏడవను కూడా.