మాకోసం వేసిన బంతి

చిత్తూరులో మా బట్టల అంగడి మెట్ల కింద ఒక చిన్న పరుపుల అంగడి ఉంది. అందులో కూర్చునే మనిషిని వీధంతా పరుపుల భాయ్ అంటుంది. ఆయనకొక పేరుందని చాలామందికి తెలియదు, తెలుసుకోవాలని అనుకోనూ లేదు. నాకంటే నాలుగేండ్లు పెద్ద, చిన్నప్పుడు నన్ను చేయి పట్టుకుని బడికి తీసుకెళ్లినవాడు కాబట్టి నేను అన్నా అంటాను. ఆయన నన్ను అప్పా అంటాడు. ఎత్తిపొడవాలని బుద్ధి పుట్టినప్పుడు మాత్రం ఓనరూ అంటాడు.

నేను ఓనరును ఎలా అయ్యానో ముందు చెప్పాలి. మా తాత, ఆయన తాత ఒకే పెంకుటంగడిని చెరి సగం బాడుగకు తీసుకున్నారు. మధ్యలో చెక్కల అడ్డం. ఇటు మా బట్టల మూటలు, అటు వాళ్ల దూది. పరుపు గుడ్డ వాళ్లు మా దగ్గర కొనేవాళ్లు, మా ఇంట్లో పెళ్లయితే పరుపులు వాళ్లు కుట్టేవాళ్లు. వానొస్తే రెండు సగాలూ ఒకేలా కారేవట.

మా సగం ఎందుకు పెరిగింది, వాళ్ల సగం ఎందుకు పెరగలేదు అని అడిగితే మా ఇంట్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. మేం కష్టపడ్డాం. మా కులం సభల్లో ఎవరో ఒకరు మైకు పట్టుకుని ఈ మాట చెప్పకుండా దిగరు. కష్టపడలేదని నేననను. కానీ అన్న వాళ్ల నాయన మా నాయనకంటే తక్కువ కష్టపడ్డాడని ఎవరైనా అంటే, వాణ్ణి తీసుకెళ్లి దూది ఏకే గదిలో ఒక పూట కూర్చోబెట్టాలని ఉంటుంది. ఆ దుమ్ముకే ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. అన్న పదో తరగతిలో బడి మానేసి ఆ గదిలోకి వెళ్లాడు. నేను అదే వయసులో తిరుపతికి వెళ్లి మా కులం వాళ్ల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా నాయనకు సరుకు అరువిచ్చిన టోకు వ్యాపారులు మా కులమే, బ్యాంకులో పూచీ నిలబడిన పెద్దమనిషీ మా కులమే. అన్న వాళ్ల నాయనకు పూచీ నిలబడడానికి ఇంకో దూదేకే మనిషి తప్ప ఎవరున్నారు? నాయన ఆ పెంకుటంగడిని మొత్తంగా కొన్నాడు. నేను పడగొట్టి మూడంతస్తులు కట్టాను. వాళ్లను వెళ్లగొట్టలేదని మేం అందరికీ గొప్పగా చెప్పుకుంటాం. వెళ్లగొట్టలేదు, నిజమే. మెట్ల కిందకు జరిపాం.

ఇప్పటి సంగతీ అంతే. నా కొడుకుకు తిరుపతిలో ఇల్లు కావాల్సి వస్తే నేను ఒక్క ఫోన్ చేశాను, సాయంత్రానికి తాళాలు చేతికొచ్చాయి. అన్న కొడుకు సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనికి కుదిరి గది కోసం తిరిగితే, అన్నిచోట్లా బాడుగ బోర్డు వేలాడుతూనే ఉందట, పేరు అడిగాక మాత్రం ఓనరు గారి అత్తగారు ఆ గదిలోకి దిగుతున్నారట. "ఆ ఊళ్లో ఎంతమంది అత్తగార్లు ఉండారో అప్పా!" అని అన్న పడీ పడీ నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ పిల్లవాడు చివరికి తమిళ కుర్రాళ్ల గదిలో ఓ మూల సర్దుకున్నాడు.

తిండి విషయంలో ఆ ఇంటివాళ్లు మాతో నడుచుకునే పద్ధతి ఒకటుంది. రంజాన్‌కు వండిన సేమ్యా మా ఇంటికి పంపరు. సేమ్యా, చక్కెర, జీడిపప్పు, ఎండుద్రాక్ష విడివిడిగా పొట్లాలు కట్టి పంపుతారు. మా అమ్మ వాటితో మా పొయ్యి మీద, మా గిన్నెలో పాయసం కాస్తుంది. వాళ్ల చేతి వంట మేం తినమని వాళ్లకు తెలుసు. మాకు ఇబ్బంది కలగకూడదని వాళ్లే ఈ దారి వెతుక్కున్నారు. దీన్ని నేను చాలా ఏళ్లు స్నేహమనే అనుకున్నాను. స్నేహమే, కాకపోతే సర్దుకోవడమంతా ఒకవైపే ఉండేది.

పోయినేడు అన్న తన కూతురికి సంబంధం చూశాడు. పాకాలలో నర్సుగా పని చేసే పిల్ల. పెళ్లికొడుకు వాళ్లది తమిళనాడు సరిహద్దు దాటితే వచ్చే గుడియాత్తం. మాట ఖాయం చేసుకోవడానికి వాళ్లు వచ్చిన రోజు అన్న నన్నూ పిలిచాడు. అన్నీ కుదిరాక పెళ్లికొడుకు తండ్రి ఒక మాట అడిగాడు.

"ఈ వీధిలో మనోళ్ల ఇల్లు మీదొక్కటే అంట గదా. కాలం సూస్తే ఇట్ల ఉండాది. రేపు ఏమన్నా అయితే మీకెవరుండారు? మా కోడలు పుట్టింటికి వచ్చి పోవాల గదా."

అన్న ముఖం ఎర్రబడింది. "నా వీధోళ్లే నాకు సుట్టాలు. పెండ్లి రోజు మీరే సూడండి, ఎంతమంది కూసోని తింటారో" అన్నాడు.

నేను ఊరుకుంటే పోయేది. నోరు ఊరుకోదు కదా. "వీధి వీధంతా వస్తాది సార్. నేను పిలుసుకోనొస్తా" అన్నాను. ఆ మాటతోనే ఆ పెద్దాయన తల ఊపాడు. అన్న నా వైపు చూసిన చూపులో ఎంత ధైర్యం కనిపించిందో ఇప్పటికీ మర్చిపోలేను.

ముహూర్తం తమిళ లెక్కలో పెరటాసి అనే నెలలో, శనివారం పడింది. ఆ నెలలో మా పెళ్లిళ్లుండవు, అందుకే మండపం ఖాళీగా దొరికింది. పెరటాసి శనివారాలు మా పక్క వెంకటేశ్వర స్వామికి ఒక్కపొద్దు ఉంటాం. మధ్యాహ్నం ఇంట్లో ఆకు మీద అన్నం, కూరలు పరిచి తళిగ వేసి, స్వామికి నైవేద్యం పెట్టాకే తింటాం. అన్న రంజాన్ ఉపవాసాన్నీ మేం ఒక్కపొద్దే అంటాం కాబట్టి ఆయనకు దీని సంగతి విడమరిచి చెప్పే పని లేదు. ఆయనే గాబరాపడుతూ వచ్చాడు.

"అప్పా, శనివారం పడింది. మీవోళ్లు రారేమో. ఇంగో తేదీ అడగల్నా?"

"ఏమీ వద్దన్నా. శనివారమైతే ఇంగా మేలు. ఆ నెలంతా మావోళ్లు ఎవురూ నీసు ముట్టరు. అందరూ శాకాహారం బంతికే వస్తారు, బంతి నిండిపోతాది."

ఇది నేనిచ్చిన సలహా. మా వాళ్ల సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు!

ఆయన నా మాట పట్టుకుని ఏర్పాట్లు చేశాడు. మండపం ముందు వైపు మాకు వేరే పందిరి. వెనక వండే బిరియాని వైపు మేం తొంగి చూసే పని లేకుండా మధ్యలో తెర. మా కులం పెళ్లిళ్లకు వండే మాస్టరునే మాట్లాడాడు. ఉల్లి, వెల్లుల్లి వద్దన్నాడు. మా కులం సత్రంలో పాత్రలు అడిగితే నీసు వండే చోటికి ఇవ్వం అన్నారు, దాంతో మాస్టరు తన సొంత పాత్రలు తెచ్చుకున్నాడు. మేం ఇంట్లో తళిగ ముగించుకుని రావడానికి వీలుగా మా వడ్డన ఒంటిగంట తర్వాతే పెట్టించాడు. వెళ్లేటప్పుడు ఇవ్వడానికి టెంకాయ, వక్కాకు పెట్టిన సంచులు కూడా తెప్పించాడు. నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఎవరూ రాలేమనలేదు.

రాలేదని కూడా అనలేను. వచ్చారు. పన్నెండు దాటకముందే వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని వచ్చారు, పెళ్లికొడుకు చేతిలో కవర్లు పెట్టారు, ఫొటో దిగారు, టెంకాయ సంచులు తీసుకున్నారు, మెట్లు దిగారు. నేను గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఆపాను.

"తళిగ ఉండాదన్నా ఇంట్లో. దేవుని ముందర తినకుండా యాడ తినేది?"

"తళిగ ఐనాక రాండి. అందుకే గదా ఒంటిగంటకు పెట్టించినాడు."

"సూస్తాం లే."

ఒకాయన ఉన్నమాట చెప్పాడు. "మాస్టరు మనోడే, కాదనను. కానీ గాలి ఆ పక్క నుంచి వస్తాండాది గదప్పా." తెర వాసనను ఆపలేదు మరి. ఏడాదంతా మా అంగట్లో అన్న తెప్పించిన టీ తాగే మనిషి ఆయన, అది కూడా బయటి హోటలు టీ కాబట్టే.

చివరికి నా భార్య. పెళ్లికూతురికి వెండి కుంకుమ భరిణె ఇవ్వబోయి, వీళ్లకు కుంకుమ ఎందుకని గుర్తొచ్చి, మళ్లీ ఇంటికెళ్లి స్టీలు డబ్బా తెచ్చింది. "ఇద్దరం కూసోని తిందాం" అన్నాను. "మీయమ్మకు తెలిస్తే నన్ను బతకనిస్తాదా?" అని ఆటో ఎక్కింది. నేను గట్టిగా అడ్డం చెప్పలేదు. గట్టిగా చెప్పి ఉంటే ఆగేది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఒంటిగంటయింది. ఆకులు వేసి, నీళ్లు పెట్టి ఉన్నాయి. మాస్టరు గరిటె పట్టుకుని నన్ను చూశాడు. "వడ్డించల్నా, ఆపల్నా?" తళిగ ముగించుకుని రావాల్సినవాళ్లలో ఒక్కరూ రాలేదు. గుడియాత్తం వాళ్లు నమాజుకు మసీదుకు వెళ్లారు, తిరిగి వచ్చేది మా పందిరి ముందు నుంచే. అన్న కొత్త షేర్వానీలో చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏందప్పా, ఇంగా రాలేదా మీవోళ్లు?"

"వస్తారన్నా" అన్నాను. అబద్ధమని ఆయనకు తెలిసిపోయింది. ఖాళీ ఆకుల వైపు చూసి, పుత్తూరు నుంచి అప్పుడే దిగిన తన బావమరిదిని పక్కకు పిలిచి ఉర్దూలో ఏదో చెప్పాడు.

ఆ మనిషి ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత తలమీది టోపీ తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. నేను ఒక ఆకు ముందు కూర్చుంటే, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు, గుడియాత్తం వాళ్లు ఇంకా ముఖం ఎరగని అన్న తరఫు చుట్టాలందరూ టోపీలు తీసి జేబుల్లో పెట్టుకుంటూ మా పందిట్లోకి వచ్చారు. ఒక ముసలాయన కూడా బయలుదేరితే అన్న ఆయన భుజం పట్టుకుని ఆపాడు. ఆయనకు తెల్లటి పొడుగాటి గడ్డం ఉంది.

బంతి నిండింది. మాస్టరు నా మొహం చూడకుండా వడ్డించాడు. పక్కనాయన నేనేం చేస్తానో చూసి అదే చేశాడు. నేను ఆకు మీద నీళ్లు చిలకరిస్తే చిలకరించాడు. నేను ముందు పప్పు కలిపితే పప్పు కలిపాడు. తన అక్క కూతురి పెళ్లిలో, తెర అవతల తన వాళ్ల బిరియాని ఉడుకుతుంటే, ఆయన మా వేషం వేసుకుని మా అన్నం తింటున్నాడు. అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపించింది. పారిపోతే వీధి తరఫున ఒక్కడూ మిగలడు.

గుడియాత్తం పెద్దాయన వచ్చాడు. పందిరి ముందు ఆగి, ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"అందరూ మీ వీధోళ్లేనా?"

అన్న ఆయన వెనకే ఉన్నాడు. నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు.

"అవునండీ. అందరూ మా వీధోళ్లే" అన్నాను.

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి బంతికంతా నమస్కారం పెట్టాడు. ఎంగిలి చేతులతోనే అందరూ తిరిగి నమస్కారం పెట్టారు. "నేను తప్పుగా అనుకున్నా. ఈ కాలంలో ఇట్లాటి వీధి యాడుంటాది" అని అన్నను కౌగిలించుకున్నాడు. ఆయన కళ్లు తడిశాయి. అన్న ఆయన్ను మెల్లగా లోపలికి తీసుకెళ్లాడు.

పక్కనాయన మండపం తలుపు వైపు చూసి, నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "అయ్యా, ఇంగ మేం లేయొచ్చునా?"

పెళ్లికూతురికి ఆయన మేనమామ. నేను అతిథిని. అయినా నన్నే అడిగాడు. తల ఊపాను. వాళ్లు లేచారు, చేతులు కడుక్కున్నారు, జేబుల్లోంచి టోపీలు తీసి దులిపి పెట్టుకుని తెర అవతలకి వెళ్లిపోయారు. ఆ బంతిలో నేనొక్కణ్ణే మిగిలాను. మాస్టరు వచ్చి నా ఆకులో పాయసం పోశాడు.