మూడు చుక్కల పీత

మా చిన్నదాని చేతిలో ఆ మూడు ఎర్రటి చుక్కలు కనబడగానే సీట్లోంచి దిగ్గున లేచాను. పిల్లలిద్దరితో బోధన్ బస్సులో ఉన్నాను. పక్కసీటు ముసలామె దాని చేతికి బూడిదరంగు చిప్ప ఒకటి ఇచ్చింది. చిప్ప మీద కుంకుమ పెట్టినట్టు మూడు చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ ముగ్గు వేసినట్టు తెల్లటి గీత.

"నా బిడ్డకు బాణామతి చేస్తున్నవా?" అని అరిచి ఆ చిప్పను కొట్టి కింద పడేశాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన నేను.

"దించుండ్రి ఆమెను!" అన్నాడు వెనక నుంచి ఒకాయన. బస్సంతా అందుకుంది.

"సముద్రపు పీత డిప్పమ్మా. బోధన్‌లో మా మనవరాలికని తెచ్చాను. ఆ చుక్కలు దానికి పుట్టుకతోనే ఉంటాయి," అంటోంది ఆమె. ఎవరం వినలేదు. బోధన్ రాకముందే ఎడపల్లిలో ఆమెను దించేశారు. దిగేముందు విరిగిన ముక్కలు కొంగులో ఏరుకుని, చిన్నదాని చెయ్యి తిప్పి చూసి, "గుచ్చుకోలేదు కదా తల్లీ?" అంది.

సాయంత్రం ఫోన్‌లో వెతికాను. మూడు చుక్కల పీత. మన తీరంలోనే కాదు, ఇటు ఆఫ్రికా దాకా, అటు హవాయి దాకా బతుకుతుందట. ప్రతిదాని వీపు మీదా అవే చుక్కలు. పొలంలో ఎండ్రకాయలు తప్ప ఎరగని నాకే అది బాణామతి అయింది.

తెల్లారి పెద్దోడు అడిగాడు: "మమ్మీ, గా మంత్రగత్తె మళ్ల వస్తదా?"

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "మంత్రగత్తె కాదు బిడ్డా, అవ్వ. చెల్లె ఆడుకుంటదని ఇచ్చింది. బడిల ఎవరన్న అడిగితే, మా మమ్మీనే తప్పు చేసిందని చెప్పుండ్రి."