గోడ అవతలి తల్లీకొడుకులు

ఎనభైలలో బ్రూక్లిన్‌లో మా పక్క వాటాలో గయానా నుంచి వచ్చిన, జడలు పెంచి రస్తఫారీ మతం పాటించే రాస్తా వడ్రంగి ఒకడు తల్లితో ఉండేవాడు. పద్దులు రాసే ఉద్యోగం నాది కనుక నన్ను 'లెక్కల బ్రదర్' అనేవాడు. చావు అనే మాట అతని నోట ఎన్నడూ వినలేదు. తల్లి ఆసుపత్రిలో పోయిన రోజు అతని చెల్లెలు వచ్చి గుమ్మంలో ఏడ్చింది.

"ఒక్కసారి వచ్చి ముఖం చూడు, అన్నా. మళ్లీ చూడలేవు."

"అమ్మ ఎక్కడికీ పోలేదు, సిస్టర్."

రాస్తాలు శవం దగ్గరికి వెళ్లరట. పూడ్చిపెట్టే రోజు చెల్లెలి వెంట నేను వెళ్లాను. తిరిగొస్తే అతను మెట్ల మీదే నన్ను ఆపాడు.

"స్నానం చేసి రా, లెక్కల బ్రదర్. మీరు పూడ్చింది ఎవరినో!"

నా లెక్కలో ఆ ఇంట్లో ఇక మిగిలింది ఒక్కడే. మర్నాడు పొద్దున గోడ అవతల రెండు గిన్నెలు పెట్టిన చప్పుడైంది.

"ఉప్పు లేదని అలగకమ్మా. మన రాస్తాల తిండి ఇంతేగా," అంటున్నాడు.

ఆమె జవాబు కోసం నేనూ గోడకు చెవి ఆనించాను.