ఏటూరునాగారం నుంచి తెచ్చిన బౌవీ కత్తి

హనుమకొండ బస్టాండులో ఏటూరునాగారం బస్సు పొద్దున ఆరూ నలభైకి కదిలింది. ఆరున్నరకే కదలాలి. నేను ఆరు గంటలకే వెళ్లి కూర్చున్నాను కాబట్టి డ్రైవరు వెనక మూడో వరసలో కిటికీ పక్క సీటు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమై చాలాకాలమైంది. అయినా ఆ సున్నా చూసినప్పుడల్లా ఎక్కడో లెక్క తప్పినట్టే ఉంటుంది నాకు.

వెళ్తున్నది ఒక కత్తి కోసం. నాకు డెబ్బై ఒకటి. వరంగల్ చౌరస్తా దగ్గర మాకు ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. ఇప్పుడు మా మరిది నడుపుతున్నాడు. ముప్పై ఏళ్ల కింద ఒక లారీ డ్రైవరు డబ్బు అవసరమై మా కౌంటరు మీద ఒక కత్తి అమ్మిపోయాడు. వెడల్పాటి బ్లేడు, కొన దగ్గర వీపు లోపలికి వంగి మళ్లీ పైకి లేచింది. అమెరికా వాళ్ల బౌవీ కత్తి అది అని తర్వాత తెలిసింది. ఆ వంపు చూశాక మామూలు కత్తులు నాకు మొండిగా కనిపించాయి. అదే మోస్తరుగా మన కమ్మరుల చేత కొట్టించడం అప్పుడు మొదలైంది. ఇప్పటికి పద్నాలుగు ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో చేతి పని. ఒక్కోదానికి దాని కొలతకే కుట్టిన తోలు ఒర. ఒర లేని కత్తి నేను తీసుకోను, కత్తి లేని ఒరా తీసుకోను.

ఇంకో నియమం ఉంది. బ్లేడు తొమ్మిది అంగుళాలు దాటితే లైసెన్సు అడుగుతారని విన్నాను. అందుకని ఏ కత్తినీ ఎనిమిదిన్నర దాటనివ్వలేదు. కత్తితో ఫొటో దిగి స్టేషను మెట్లెక్కిన కుర్రాళ్ల వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాను. ఈ వయసులో నా ఫొటో అక్కడ పడితే ఇంటిల్లిపాదీ తలెత్తుకోలేరు.

"అత్తమ్మా, మీ ఈడోళ్లు కాశికి పోతాన్నరు. మీరేమో కత్తులకు పోతాన్నరు" అంది మా కోడలు, టిఫిన్ డబ్బాకు మూత పెడుతూ. డబ్బాలో రెండు చపాతీలు, మామిడికాయ తొక్కు.

ఈసారి కొట్టింది సారయ్య. ఏటూరునాగారానికి నాలుగు కిలోమీటర్ల అవతల పల్లె. ఏడు నెలల కింద ఆకురాయి కొనడానికి మా దుకాణానికి వచ్చి, తను చేసిన కొడవలి ఒకటి చూపించాడు. ఆ కొడవలి వంపు చూసే బేరం కుదుర్చుకున్నాను. మొత్తం మూడు వేల ఐదు వందలు, వెయ్యి అడ్వాన్సు. ఎనిమిదిన్నర అంగుళాలు అని మూడుసార్లు చెప్పాను. పోయిన వారం ఫోన్ చేసి "అయిపాయెనమ్మా, వచ్చి తీస్కపో" అన్నాడు.

ఏడూ యాభైకి ములుగు. బస్సు పది నిమిషాలు ఆగింది. టీ పది రూపాయలు, చక్కెర ఎక్కువ. అక్కడ నా పక్కన ఒక నడివయసు మనిషి రేగుపండ్ల గంపతో కూర్చుంది. తాడ్వాయిలో చెల్లెలి ఇంటికి పోతోంది.

పస్రా దాటి అడవి మొదలయ్యే చోట పోలీసులు బస్సు ఆపారు. ఇద్దరు ఎక్కి సంచులు చూడసాగారు. నా సంచిలో మందపాటి తువ్వాలు, మిషను నూనె సీసా, కొలత టేపు, టిఫిన్ డబ్బా ఉన్నాయి. దాచవలసింది ఏమీ లేదు. అయినా అడగకముందే సంచి మూతి నేనే విప్పాను.

"టేపెందుకవ్వా? అడివి కొలుస్తవా?" అన్నాడు చిన్న వయసు కానిస్టేబులు. బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, తిరుగు ప్రయాణంలో ఇదే చేయి ఇదే సంచిలో పడుతుందన్న ఆలోచన అప్పుడే పట్టుకుంది.

"నిజంగ టేపెందుకే అక్కా?" అంది పక్కనామె, బస్సు కదిలాక.

"కత్తి కొలవడానికి."

ఆమె గంపను నెమ్మదిగా అటువైపు జరుపుకుంది. గొంతు తగ్గించి, "ఎవలి మీదికి?" అంది.

"ఎవలి మీదికి లేదు. దాచుకుంట."

"కత్తిని దాచుకునుడేంది, బంగారమా?" అని, తాడ్వాయిలో దిగేముందు నా ఒళ్లో గుప్పెడు రేగుపండ్లు పోసింది.

ఏటూరునాగారం చేరేసరికి తొమ్మిదీ నలభై ఐదు. ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ బాగుంది. పల్లెకు ఆటో పోను అరవై, రాను అరవై. వెళ్లేవాళ్లు ఆటోను ఉంచుకోవడం మంచిది, అక్కడ మళ్లీ దొరకదు. మధ్యాహ్నం ఒంటిగంటా పావుకు హనుమకొండ బస్సు. దాని తర్వాతది చీకటి పడ్డాక గానీ ఇల్లు చేర్చదు.

సారయ్య కొలిమి చల్లగా ఉంది. బూడిద ఊడ్చి, సుత్తులన్నీ వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఇయ్యాల అమాస గదమ్మా. పనిముట్టు ముట్టం" అన్నాడు.

క్యాలెండరులో ఆదివారం చూసుకున్నాను గానీ తిథి చూసుకోలేదు. కమ్మరి ఇంటికి అమావాస్య నాడు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. కత్తి తయారైంది కదా, తీసుకుని పోవడమే కదా అని సర్దిచెప్పుకున్నాను.

లోపల్నుంచి కత్తి తెచ్చాడు. చూపుడువేలు చాచి, పిడి దగ్గర ఇత్తడి అడ్డపట్టీని దాని మీద ఆనించి వదిలాడు. కత్తి ఇటూ అటూ ఒరగకుండా, గాలిలో నిద్రపోతున్నట్టు నిలబడింది. లారీ స్ప్రింగు కమాన్ పట్టాతో కొట్టిన బ్లేడు, పాత నాగలి నుంచి కోసిన తుమ్మచెక్క పిడి. వీపు వంపు కొన దాకా ఎక్కడా తడబడకుండా సాగింది. నా పద్నాలుగింటిలో ఒక్కదానికీ అటువంటి వంపు లేదు. తర్వాత దాన్ని పీట మీద పెట్టి, పక్కన ఒర పెట్టి, వెనక్కి జరిగాడు. మా వైపు కత్తి చేతికివ్వరు. కింద పెడతారు, అవతలివాళ్లు ఎత్తుకుంటారు. ఎత్తుకుంటే తీసుకున్నట్టు.

చేయి చాచబోయి ఆగాను. కంటికే తేడా కొట్టింది. ఎత్తకుండానే వంగి టేపు పెట్టాను. పదీ పావు అంగుళాలు. ఇంకోసారి పెట్టాను. పదీ పావే.

"సారయ్యా, ఎనిమిదిన్నర అన్న గద!"

"అన్నవు. అట్లనే ఒకటి కొట్టిన ముందుగాల. కొనకు బరువు రాలే, వంపు కుదరలే. కట్టె పట్టుకున్నట్టుంటది చేతిల. దాన్ని ఇంట్ల పడేసి ఇది కొట్టిన. నువ్వు వంపు చూసే మనిషివని కొట్టిన."

"దీన్ని నేను బస్సుల తీస్కపోలేను. పోలీసులు సంచులు చూస్తాన్నరు."

"ముసలమ్మవు, నిన్నెవరడుగుతరు?"

"అడిగిన్రు. పొద్దున్నే అడిగిన్రు."

తగ్గించడానికి వీలవుతుందా అన్నాను.

"వీలైతది. రేపు రా, కొన కోస్త. నీ పైసలు, నీ మాట. కాని నేను కోసేటప్పుడు ఈడ నిలవడకు."

ఆ మాట తర్వాత ఇక కోయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అలాగని వదిలిపోవడానికి కాలూ రాలేదు. తీసుకుంటే పస్రా దగ్గర ఏమవుతుందో కళ్లకు కట్టింది: బస్సులోంచి దింపడం, పేరూ ఊరూ రాసుకోవడం, మా కోడలికి ఫోను. "వెనక్కి తీసుకో" అన్నాను చివరికి.

"కింద పెట్టింది నేను మల్ల ఎత్త. నచ్చకుంటే ఆడనే ఉండని."

అలా కత్తి పీట మీద మా ఇద్దరి మధ్య ఉండిపోయింది. పన్నెండయింది. డబ్బా విప్పి ఒక చపాతీ తిన్నాను, రుచి తెలియలేదు. పన్నెండున్నరకు ఆటో అతను హారన్ కొట్టాడు.

అప్పుడు వంటింట్లోంచి సారయ్య భార్య కొమురమ్మ బయటికి వచ్చింది. చేతిలో ఉల్లిగడ్డలు కోస్తున్న కత్తి ఉంది. సారయ్య మొదట కొట్టినది అదే, ఎనిమిదిన్నరది.

"అది నాకిస్తవా కొమురమ్మా?" అన్నాను.

"నీ ఇంట్ల పద్నాలుగున్నయట. నా ఒక్కదాని మీద పడ్డవా అక్కా?" అంది నడుం మీద చేయి పెట్టుకుని. "నాలుగు నెలల సంది నా చేతికి అలవాటైంది."

"ఆమెకెందుకే గది, పనికిరాంది" అన్నాడు సారయ్య.

"పనికిరాందాంతోనే గద నీకు రోజు కూర వండుతాన్న!" అని అతని వైపు చూసి, పీట మీది కత్తి వైపు చూసింది. చేతిలోది కొంగుతో తుడిచి నా కాళ్ల దగ్గర కింద పెట్టింది. పీట మీది పెద్దదాన్ని చటుక్కున ఎత్తుకుంది. "ఇగో, గిది నాది. అది నువ్వు తీస్కో. చిక్కుడు పందిరికి వెదురు బొంగులు చీరుదామంటే నా కత్తి ఎగిరి పడుతాంది. ఇదైతే చీరుతది."

"బొంగులు చీరుతవా దాంతోని!" అన్నాం నేనూ సారయ్యా ఒకేసారి.

"మరేం జేస్త? ముద్దు పెట్టుకుంటనా?"

సారయ్య గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను వంగి చిన్నదాన్ని ఎత్తుకున్నాను. ఉల్లి వాసన. అతను చెప్పింది నిజమే, కొనకు బరువు లేదు. మిగిలిన రెండు వేల ఐదు వందలు తీసి అరుగు మీద పెడితే, "పనికిరాని దానికి పైసలు ముట్ట" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"ఆయన ముట్టడు. నేను ముట్టుకుంట" అని కొమురమ్మ కొంగున ముడేసుకుంది. ఒర కూడా నా సంచిలో తనే పడేసింది. "వంటింటి కత్తికి అంగీ ఎందుకు" అంది.

పరుగున బస్సు అందుకున్నాను, ఒంటిగంటా పన్నెండుకు. సీటు దొరికింది గానీ మనసు కుదుటపడలేదు. చిన్న కత్తి పెద్ద ఒరలో ఉంది. కొన దగ్గర అంగుళం ముప్పావు ఖాళీ. గుంత వచ్చినప్పుడల్లా లోపల టక్కుమని కొట్టుకుంటోంది. తువ్వాలు చుట్టినా ఆ చప్పుడు ముందు సీటు దాకా వినిపిస్తోందని నా భయం.

పస్రా దగ్గర మళ్లీ ఆపారు. పొద్దుటి కానిస్టేబులే. తువ్వాలు విప్పి ఒర చూడగానే అతని మొహంలో నవ్వు పోయింది.

"ఏందవ్వా ఇది? గింత పొడుగు?"

"కత్తి. దాచుకునేటందుకు. తీసి కొలువు, టేపుంది."

అతను ఒరలోంచి లాగాడు. లాగుతూనే అయిపోయింది. పొట్టి బ్లేడు చూసి, ఒరను చూసి, పక్కనున్న అతనికి చూపించాడు. "అన్నా, మా బావ మాటల లెక్కుందిది. పైకి గజం, లోపల జానెడు." నిజంగానే టేపు పెట్టి కొలిచాడు. ఎనిమిదిన్నర. వాసన చూసి, "ఉల్లిగడ్డలా?" అన్నాడు.

"ఉల్లిగడ్డలే."

"పో అవ్వా, పైలం. చెయ్యి కోసుకునేవు."

బస్సు కదిలాక కత్తిని మళ్లీ తువ్వాలులో చుట్టి సంచి అడుగున పెట్టాను. ఇది పెద్దదై ఉంటే అన్న ఆలోచన ములుగు దాకా వదల్లేదు. అక్కడ టీ తాగాను, పది రూపాయలు. దారి ఖర్చు మొత్తం నూట డెబ్బై. వెళ్లాలనుకునే వాళ్లకు చెప్పేది: తెల్లవారుజామునే బయలుదేరండి, పంచాంగం చూసుకోండి, కొలతను మూడుసార్లు చెప్పడం చాలదు, ఎందుకో కూడా చెప్పండి. నేను పోలీసుల సంగతి ముందే చెప్పి ఉంటే సారయ్య ఆ పెద్ద కత్తిని కొట్టేవాడే కాదు. అలా చెప్పనందుకు విచారించాలో సంతోషించాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా దగ్గర ఇప్పుడు పదిహేను ఉన్నాయి. చూసిన వాటిలో మంచిది మాత్రం నా చేతిలో ఒక్క నిమిషం కూడా లేదు.

భయం పోయిన చోట ఇంకో ఫికరు వచ్చి కూర్చుంది. ఆ పెద్ద కత్తి ఇనుము తడికి ఆగదు. నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి మచ్చ. ఆత్మకూరు దగ్గర ఉండబట్టలేక ఫోన్ చేశాను. కొమురమ్మ ఎత్తింది.

"తుడిచి పెట్టు కొమురమ్మా. తడి ఉంచకు. వారానికొకసారి నూనె రాయి."

"బస్సెక్కిన కాడి నుంచి గిదే ఫికరా అక్కా నీకు?"

"సారయ్య ఏం జేస్తాండు?"

"నా ఎదురుంగ కూసున్నడు. అన్నం తినలే. తానేమో ముట్టడాయె. నేను బొంగు మీద పెడితే గట్ల కాదు, గిట్ల పట్టు అని పాణం తీస్తాండు. ఆగు, ఫోన్ కింద పెడుత."

బస్సు హారన్ల మధ్య ఫోను చెవికి గట్టిగా అదుముకుని విన్నాను. ఒక్క దెబ్బ. ఆ వెంటనే కణుపులు తెగుతూ, బొంగు పై నుంచి కింది దాకా ఎక్కడా ఆగకుండా చీలిపోయిన చప్పుడు. రెండు బద్దలు నేల మీద పడ్డాయి.

దూరం నుంచి సారయ్య గొంతు వచ్చింది. "ఆమె ఇన్నదా అడుగు."

"ఇన్న అని చెప్పు" అన్నాను.