వేడికి పగలని తెల్ల గిన్నె

ఎనభైల మొదట్లో నేను నంద్యాలలో బి.ఎస్సీ. చదువుతూ వారానికోసారి బస్సెక్కి ఆళ్లగడ్డలో ఇంటికి వచ్చేదాన్ని. ఆ రోజుల్లోనే కువైట్‌లో నర్సుగా పనిచేసే మా చిన్నమ్మ సెలవుపై వచ్చి అమ్మకు ఒక తెల్ల గిన్నె ఇచ్చింది. చూడ్డానికి మా పింగాణీ గిన్నెల్లాగే ఉంది. ఆదివారం చర్చి నుంచి రాగానే చిన్నమ్మ అందులో కూర వేసి నేరుగా కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టింది.

"ఏందే, పగలగొడతాండావా?" అంటూ అమ్మ పరుగున వచ్చింది.

"ఏం కాదులే అక్కా, ఈడ చూడు." కూర వేరే పాత్రలోకి వంచి, కాలుతున్న గిన్నెను చిన్నమ్మ బకెట్ నీళ్లలో ముంచేసింది. సుయ్యిమంది. నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గిన్నె మీద ఒక్క గీత కూడా లేదు.

"దీంట్లో లిథియం ఉంటాదంట. అంగట్లో చెప్పినారు. నాకంతే తెల్సు" అంది చిన్నమ్మ.

ఆ మాటతో నాకు తికమక పట్టుకుంది. కాలేజీ ల్యాబులో సోడియంను కిరసనాయిలులో దాచేవాళ్లు, తడి తగిలితే మండుతుందని. లిథియం కూడా దాని కుటుంబమే. మరి నీళ్లలో ముంచినా గమ్మునెట్లా ఉంది? సోమవారం కెమిస్ట్రీ సార్‌ను అడిగాను.

"ఉప్పులో సోడియం లేదామ్మా? రోజూ తింటాండావు గదా" అన్నారాయన. "ఇదీ అంతే. లిథియం, అల్యూమినియం, ఇసుకలో ఉండే సిలికా కలిసిపోయినాయి. కలిసినాక పాత గుణం ఉండదు."

"మరి వేడికి పగలదెందుకు సార్?"

"మామూలు పింగాణీ వేడి తగిలినచోట సాగుతుంది, తగలనిచోట సాగదు. ఆ గుంజులాటకే పగులుతుంది. దీంట్లో స్ఫటికాలు ఒకవైపు సాగితే ఇంకోవైపు ముడుచుకుంటాయి. మొత్తం మీద సైజు మారదు. పెద్ద టెలిస్కోపుల అద్దాలకు కూడా ఇట్లాంటిదే వాడతారు."

వేడికి ముడుచుకోవడమేమిటి? తలూపాను గానీ బుర్రకెక్కలేదు.

మళ్లీ వారం ఇంటికి వెళ్తే వంటింటి గోడంతా చారు మరకలు. అమ్మ ముఖం మాడ్చుకుని కూర్చుంది. చిన్నమ్మను చూసి ధైర్యం వచ్చి, కొత్త గిన్నె అనుకుని మా పాత పింగాణీ గిన్నెను స్టవ్వెక్కించి చారు పెట్టిందట. టప్పున పేలిపోయింది.

"రెండూ తెల్లగానే ఉండాయి గదే. ఏది ఏదో నాకెట్లా తెలుస్తాది?"

సార్ చెప్పిందంతా చెప్పబోయాను. సాగడం, ముడుచుకోవడం దాకా రాగానే అమ్మ అడిగింది:

"గిన్నె ముడుచుకుంటే మరి కూర పొర్లిపోదా?"

పొర్లదని తెలుసు. ఎందుకో చెప్పబోయి, మొదట ఏది సాగిందో, ఏది ముడుచుకుందో నేనే మరిచిపోయాను. ఇద్దరం చిన్నమ్మ ఇచ్చిన గిన్నెను తిప్పి తిప్పి చూశాం. అమ్మ దాన్ని కూడా నమ్మడం మానేసి, అందులో పెరుగు తోడు వేసింది.