మావయ్య వీపు

వేడి నువ్వులనూనె వాసన వస్తే నాకు మావయ్య వీపు గుర్తొస్తుంది. కుస్తీలో వీపుకు మట్టంటితే ఓడినట్టే. చోడవరం తాలింఖానాలో కుస్తీ పట్టినన్నాళ్లూ ఆయన వీపుకు ఎవరూ మట్టి అంటించలేకపోయారు. అలాంటి మనిషి మద్రాసు వెళ్లి సినిమాల్లో చేరాడు. మా టూరింగ్ టాకీసు తెరమీద బక్కపలచని హీరో ఒక్క గుద్దు గుద్దగానే మావయ్య వెల్లకిలా పడ్డాడు. ఊరంతా ఈలలేసింది. మర్నాడు బడిలో ఆయన మా మావయ్య కాదన్నాను.

వేసవిలో ఆయన ఇంటికొస్తే నిలదీశాను. "ఆ బక్కోడి సేతిలో ఎలా ఓడిపోనావు మావయ్యా?"

"ఓడిపోడానికే పిలిసేరే గుంటా," అన్నాడు.

నేను నమ్మలేదు. చొక్కా విప్పినప్పుడు వీపున మట్టి కోసం వెతికాను. నడుమంతా నల్లగా కమిలిపోయి ఉంది.

హీరో గుద్దు ఉత్తదేనని, మావయ్య పడటం మాత్రం ప్రతిసారీ నిజమేనని నాకు తెలిసేసరికి ఆయన మంచం పట్టాడు. ఆ వీపుకు నూనె రాసింది నేనే.