పాటలో ఊపిరికి సందు

డిసెంబరు వచ్చిందంటే రూత్ చేతులు ఊరుకోవు. కాకినాడ పిల్ల మరి, ఇంటి ముందు నక్షత్రం వెలగకపోతే అది క్రిస్మస్ ఎలా అవుతుంది? పెర్త్‌లో నర్సింగ్ చదువుతూ, చివరి ఏడాది ప్లేస్‌మెంట్ శిక్షణకి ఓ చిన్న దీవిలోని క్లినిక్‌కు వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఆ దీవిలోనే ఉంటున్న హెలెనా ఆంటీ ఇంట్లో బస. దిగిన మర్నాడే కాగితపు నక్షత్రం, మేకు, సుత్తి పట్టుకుని వరండా గోడ దగ్గర నిలబడింది.

"ఆ గోడ జోలికి పోకు," అంది ఆంటీ, ఆయాసపడుతూ. "అది ఆస్‌బెస్టాస్ రేకు. కదపనంత సేపూ పర్లేదు. మేకు దిగిందంటే ఊపిరితిత్తులు పాడుచేసే దుమ్ము లేస్తుంది."

రూత్ సుత్తి కిందికి దించేసింది. యూనివర్సిటీలో ఈ పాఠం చదివి మార్కులు కూడా తెచ్చుకుంది. పుస్తకంలోని ఆస్‌బెస్టాసూ, తను పుట్టి పెరిగిన ఇంటి సిమెంటు రేకులూ ఒకటేనని మాత్రం ఏనాడూ తట్టలేదు. వెంటనే నాన్నకు ఫోన్ చేసి, పెరట్లో పాత రేకులు రంపంతో కోయించవద్దని ఒట్టేయించుకుంది. నక్షత్రాన్ని బట్టలారేసే స్తంభానికి కట్టింది.

ఆంటీ భర్త ఆ రేకులు కోసి కోసి దీవిలో సగం ఇళ్లు కట్టాడు. దుమ్ము పట్టిన ఆయన బట్టలు దులిపి ఉతికింది ఆంటీ. ఆయన పోయాడు. ఆ దుమ్ము ఇప్పుడు ఈమె ఊపిరితిత్తుల్ని బిగదీస్తోంది. దీవి హాల్లో క్రిస్మస్ పాటలు ఎప్పుడూ ఎత్తుకునేది ఆమే. ఇప్పుడు రెండు లైన్లు వరసగా పాడితే దగ్గు తెర ముంచుకొస్తోంది.

"ఈసారి కుర్చీలో కూర్చుని వింటాలే," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి రూత్‌కి ఏడుపొచ్చింది. ఆంటీ పాడొచ్చా అని నేరుగా క్లినిక్ డాక్టరునే అడిగింది. అలసిపోకుండా పాడితే ఏమీ కాదంది ఆవిడ.

"మా చర్చిలో ఒకరు ఒక లైన్ ఎత్తుకుంటారు ఆంటీ. అందరూ దాన్నే రెండుసార్లు అంటారు. ఎత్తుకున్నవాళ్లకి ఈలోగా రెస్ట్."

"అది మోసం కదూ?"

"పెర్త్‌లో మా కానింగ్ వేల్ చర్చిలో పాటలెత్తుకునే సుందర్ రాజు అంకుల్ ఎన్నేళ్లుగానో అదే మోసం చేస్తున్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు."

ఆంటీ పడీ పడీ నవ్వి, దగ్గి, సరేనంది.

క్రిస్మస్ నాటి మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఆంటీ మొదటి లైన్ పాడి ఆగింది. ఏం చేయాలో రూత్ ముందే చెప్పినా, జనం అలవాటుకొద్దీ ఆంటీ నోటికేసి చూస్తూ ఉండిపోయారు. రూత్ సిగ్గు చంపుకుని, తన కాకినాడ గొంతెత్తి ఆ లైన్ ఒక్కతే పాడేసింది. రెండోసారికి హాలంతా కలిసింది. ఆంటీ గుండెల మీద చెయ్యి పెట్టుకుని, నింపాదిగా ఊపిరి పీల్చుకుని, తర్వాతి లైన్ అందుకుంది.

పాట ఆఖరి దాకా వచ్చింది. హమ్మయ్య అనుకుని రూత్ కుర్చీ లాక్కొచ్చింది. ఆంటీ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని, జనం ఆఖరి లైన్ ఇంకా రెండోసారి పాడుతుండగానే రూత్ చెవి దగ్గరకు వంగింది.

"ఇంకోటి ఎత్తుకోనా?"